సాక్షి – సాక్ష్యము : పొన్నూరు ప్రాంత క్రైస్తవ సామాన్యుల విశ్వాసకథనములు

గుంటూరు మండలమున తెనాలికిని బాపట్లకును నడుమ నున్న పొన్నూరు ప్రాచీన క్షేత్రము. అచట వెలసిన స్వామికి సాక్షి భావనారాయణుడని పేరు. ఆ పేరునకు గల కారణమును స్థలైతిహ్య మిట్లు చెప్పుచున్నది. ఒక మేనమామయు మేనల్లుడును కాశీయాత్ర చేసిరి. కూతు నిచ్చి పెండ్లి చేయుదునని మేనమామ యచట దేవుని యెదుట మాట యిచ్చెను. ఇల్లు చేరిన పిదప మాట తప్పెను. మేనల్లునికి వ్రాతపత్రము లేదు, విన్న మనుష్యుడు లేడు. అతడు దేవునే సాక్ష్యమునకు పిలిచెను. దేవుడు కాశి విడిచి వచ్చి సాక్ష్యము పలికి పొన్నూరున నిలిచిపోయెను. ఒడిషాలో పూరీకి సమీపముననున్న సాక్షిగోపాలుని కథయు నిట్టిదే. ఆధారము లేనివాని మాటకు లోకమున విలువ లేనప్పుడు దేవుడే వాని పక్షమున నిలుచు ననుట ఈ కథల హృదయము.

ఇదే పొన్నూరునను, దానితో నేడు కలిసిపోయిన నిడుబ్రోలునను, పరిసర గ్రామముల పల్లెలలోను మఱియొక విధమైన సాక్ష్యము నూరేండ్లకు మించి వినబడుచున్నది. ఆదివారపు ఆరాధనలో, కుటుంబ ప్రార్థన కూటమిలో, క్రిస్మసు సభలో, కూలిపని చేసికొను స్త్రీయో, బడిపంతులో, రైల్వే పనివాడో లేచి నిలువబడి, తాను దేవుని నెట్లు తెలిసికొనెనో, దేవుడు తన్నెందులకు పిలిచెనో చెప్పును. దీనినే క్రైస్తవులు సాక్ష్యము చెప్పుట యందురు. చెప్పువారు గురువులు కారు, బోధకులు కారు. సంఘమునకు చెందిన సామాన్యులు. ఈ మౌఖిక కథనములు తెలుగు వాఙ్మయచరిత్రకారుల దృష్టికి రాలేదు. మిషనుల చరిత్ర వ్రాసినవారు వానిని వాడుకొనిరి గాని వాని రూపమును పరిశీలింపలేదు. ఇవి చరిత్రకు ఎంతవరకు ఆధారములగును, భాషకు ఏమి చేర్చినవి యను రెండు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింప దలచినాము.

మొదట శబ్దవిచారము. సాక్షాత్తుగా చూచినవాడు అను అర్థమున సాక్షి శబ్దమును పాణిని సాధించినాడు. కావున సాక్షి యనగా విన్నవాడు కాడు, ఊహించినవాడు కాడు, కన్నవాడు. నన్నయ భారతమున శకుంతల దుష్యంతుని సభలో నిలిచి, సూర్యచంద్రాదులును ధర్మమును మనుష్యుని నడవడిని చూచుచున్నవని వాదించిన ఘట్టమున ఈ భావమే పరమావధి నందినది. ఆమెకును మనుష్యసాక్షి లేడు. ఇక క్రైస్తవ గ్రంథముల గ్రీకు మూలమున సాక్షికి వాడిన మార్తుస్ అను పదమే, విశ్వాసము కొఱకు ప్రాణము లిచ్చినవారిని తెలుపు పాశ్చాత్య పదమునకు మాతృక. అచట సాక్ష్య మిచ్చుటలో అపాయ మిమిడి యున్నది. విశాఖపట్టణమున లండను మిషనరీలు ఆనందరాయలను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సువార్తలను తెనిగింపగా 1812లో అవి శ్రీరామపురమున ముద్రితమయ్యెను. తెలుగు బైబిలున సాక్ష్య శబ్దము స్థిరపడిన పిదప, న్యాయస్థానమునకును పురాణమునకును చెందిన ఈ మాట మాలపల్లె మాదిగపల్లెల నిత్యవ్యవహారమున చేరినది.

పిలుపు అను మాట చరిత్ర యింకను విశేషమైనది. తెలుగు గ్రామమున పిలుపు పెండ్లికి వచ్చును, పేరంటమునకు వచ్చును. ఊరి వెలుపల నివసించువానికి మాత్రము పిలుపు వేఱు విధమున వచ్చెడిది: వెట్టికి పిలుపు, చచ్చిన గొడ్డు నీడ్చుటకు పిలుపు, జాతరలో డప్పు కొట్టుటకు పిలుపు. ఆ పిలుపునకు కాదను హక్కు లేదు. సాక్ష్యములలో ‘ప్రభువు నన్ను పేరు పెట్టి పిలిచినాడు’ అను వాక్యము పలుమారు వినవచ్చును. పేరుతో కాక కులముతో పిలువబడుచుండిన జనుల నోట ఈ వాక్యము పొందిన బలమును గమనింపనివారికి ఇది వట్టి మతపరిభాషగా తోచును. మా యుద్దేశమున ఇది పాత పిలుపునకు చెప్పిన ప్రత్యుత్తరము.

ఈ ప్రాంతమున సాక్ష్యసంప్రదాయము పుట్టిన విధమును సంక్షేపముగా చెప్పవలసి యున్నది. అమెరికా లూథరను మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1842 జూలై 31న గుంటూరు చేరెను. ఆ మిషను కృషి ఫలితముగ నేర్పడిన ఆంధ్ర సువార్త లూథరను సంఘము 1927లో స్వతంత్ర వ్యవస్థ నొందెను. దక్షిణమున నెల్లూరు, ఒంగోలు కేంద్రములుగా అమెరికా బాప్టిస్టులు పనిచేసి బాపట్ల వఱకు వ్యాపించిరి. బాపట్ల, తెనాలి, నిడుబ్రోలు ప్రాంతములకు తరువాత రక్షణసైన్యము వచ్చెను. ఫిరంగిపురము మొదలగు చోట్ల అంతకు పూర్వమే కతోలిక సంఘములు కలవు. అయితే కతోలికుల పాపసంకీర్తనము గురువు చెవిని మాత్రమే పడునది; రహస్యము దాని ధర్మము. ప్రొటెస్టంటుల సాక్ష్యము పదిమంది యెదుట చెప్పునది. బహిరంగత దాని ధర్మము. ఈ భేదము మూలముననే మా పరిశీలన రెండవదానికి పరిమితమైనది.

బహిరంగ సాక్ష్యమునకు ఐరోపాలో దీర్ఘచరిత్ర కలదు. క్రీ. శ. 400 ప్రాంతమున ఆగస్టీను తన జీవితమును దేవునితో సంభాషణగా వ్రాసెను. 18వ శతాబ్దిలో జర్మనీ మొరేవియను సంఘమున సామాన్య సభ్యుడును తన జీవితవృత్తాంతమును వ్రాసి యుంచుటయు, దానిని అతని సమాధి సమయమున చదువుటయు ఆచారమయ్యెను. ఇంగ్లండున మెథడిస్టుల చిన్న కూటములలో కార్మికులు తమ అనుభవములను చెప్పుకొనిరి. మిషనరీలు ఈ అలవాటును వెంట తెచ్చిరనుట నిజము. కాని బీజము వచ్చినంత మాత్రమున పంట రాదు; నేల కావలెను. తెలుగునాట ఆ నేలను సిద్ధపరచినది ఎవరని చూచినచో ఆశ్చర్యకరమైన విషయములు కాననగును.

ఒంగోలు ప్రాంతపు యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తాళ్ళకొండపాడు వాసి, తోళ్ళ వ్యాపారి. వ్యాపారమునకై ఉత్తరమునకు పోయినప్పుడు క్రైస్తవబోధను వినెను. 1866లో బాప్తిస్మము పొందెను. అతడు శూన్యహృదయముతో ఆ బోధను వినలేదు. అంతకు పూర్వమే రాజయోగ సాధన చేసినవాడు. అతనికి యోగము నుపదేశించిన గురువు ఒక స్త్రీ. దేవు డొక్కడు, అతడు విగ్రహమున లేడు, లోపల వెదుకవలెనను భావములు యోగుల ద్వారమున, వీరబ్రహ్మము వేమనల సంప్రదాయముల ద్వారమున పల్లెలకు ముందే చేరియుండెను. ఆత్మానుభవమును గురువు నెదుట విన్నవించుకొనుట ఆ సంప్రదాయములలోను కలదు. పేరయ్య తన కులమువారికి చెప్పిన మాటలలో వెదకినది దొరకినదను ధ్వని యున్నదే గాని, వెదకుట కొత్తగా మొదలైనదను ధ్వని లేదు.

కృష్ణా మండలము రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య కథ దీనికి తోడు నిలుచును. ఇతడు మాల, తొలివయసున దోపిడీగాండ్ర ముఠాకు నాయకుడు. విగ్రహములు దేవుళ్ళు కావను మాట చెవిని పడిన నాటినుండి, దేవా నీ వెవ్వడవు, ఎచట నున్నావు, నాకు కనబడుమని, పేరు తెలియని దేవుని ఏండ్ల తరబడి ప్రార్థించెనట. తుదకు బెజవాడలో మిషనరీ డార్లింగును కలిసి 1859లో క్రైస్తవుడయ్యెను. అతని మూలమున కృష్ణామండలమున మాలల సామూహికోద్యమ మారంభమయ్యెను. ఇచట ముఖ్యాంశ మేమనగా, ఈ రెండు ఉద్యమములకును మొదటి ప్రవర్తకులు మిషనరీలు కారు. బంధువు బంధువునకు, వియ్యంకుడు వియ్యంకునకు చెప్పిన సాక్ష్యమే ప్రవాహమయ్యెను. 1867 జనవరి 1న ఒంగోలు బాప్టిస్టు సంఘ మేర్పడినప్పుడు దాని సభ్యులు 8 మంది మాత్రమే.

ఇంతలో 1876-78 నాటి మహాక్షామము వచ్చినది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. క్షామము తగ్గిన పిదప 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ యేడు జూను మధ్యనుండి సెప్టెంబరు మధ్య వఱకు ఈ సంఖ్య 9,606కు చేరినది. నాటినుండి నేటివఱకు తెలుగు క్రైస్తవుని వెంటాడుచున్న ప్రశ్న ఇచటనే పుట్టినది: ఇది విశ్వాసమా, గంజి కొఱకు చేసిన బేరమా?

చరిత్రకారుడు ఈ ప్రశ్నను ఆవేశముతో గాక ఆధారముతో పరిశీలింపవలెను. సహాయపు పని సాగుచున్నంతకాలము, 1877 మార్చినుండి 1878 జూను వఱకు, క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నము కొఱకే వచ్చినవారైనచో అన్నపు పని ముగిసిన పిదప వచ్చుటకు కారణము కనబడదు. అయితే ఆకలినాడు ఆదుకొన్నవాని మాటపై గౌరవము కలుగుట మానవసహజము. దానిని కాదనుట కూడ సత్యము కాదు. మతాంతరము చెందినవారికి క్లౌ పెట్టిన కట్టడలు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఈ మూడును గ్రామవ్యవస్థకు నేరుగా తగిలినవి. ఆదివారము పనికి రానివాడు ఆసామికి అపరాధి. చచ్చిన గొడ్డును ముట్టనివాడును, జాతరలో డప్పు కొట్టనివాడును ఊరికి ద్రోహి. ఇట్టివారికి కూలి మానుట, బావి మూయుట, కొట్టుట సామాన్య శిక్షలు. కావున నాటి సాక్ష్యము నోటిమాట యగుటకు ముందు, చేయనని నిలిచిన చేయి. లాభమునకై వచ్చిరన్నవారు ఈ నష్టమును లెక్కలో చేర్చలేదు.

1933లో వాస్కమ్ పికెట్ భారతదేశపు సామూహిక మతాంతరములను పరిశీలించి గ్రంథము ప్రకటించెను. అతడు చేసిన గొప్ప పని యేమనగా, నీవెందుకు క్రైస్తవుడవైతివని మతాంతరులనే అడుగుట. వచ్చిన జవాబులు పలు తెఱగులు. కొందఱు రక్షణ కొఱకనిరి, కొందఱు గౌరవము కొఱకనిరి, కొందఱు బంధువులు వచ్చిరి గనుక వచ్చితిమనిరి, అనేకులు క్రైస్తవ గృహమున పుట్టితిమనిరి. ఈ జవాబులను ఆత్మికములు, లౌకికములు అని విభజించుట సులభము. కాని పల్లెవాని మనస్సున గౌరవమును రక్షణయు రెండు వేఱు వస్తువులా యను ప్రశ్న మిగిలియే యున్నది. మనుష్యుడుగా పిలువబడుట తనకు దేవుడు చేసిన మొదటి మేలని చెప్పువాని మాట ఏ గడిలో వ్రాయవలెను? పట్టికలు సాక్ష్యమును లెక్కింపగలవు గాని వినలేవు.

ఇక ఆధారవిమర్శ. 19వ శతాబ్దిలో తెలుగు క్రైస్తవ సామాన్యులు చెప్పిన కథనములలో మనకు మిగిలినవి చాల వఱకు ఇంగ్లీషున నున్నవి. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన, చెప్పులు కుట్టువారి గాథల గ్రంథము వీనిలో మిక్కిలి విలువైనది. ఆమె మాదిగ పెద్దల నోట కథలను విని వ్రాసెను. వారి గురువుల పేర్లు, పూజలు, వలసలు భద్రపరచెను. అయినను ఆ మాటలు మనకు మూడు జల్లెడలు దాటి వచ్చినవి. చెప్పినవాడు మిషనరీకి చెప్పుచున్నానని తెలిసి చెప్పెను. విన్నవారు తెలుగును ఇంగ్లీషు చేసిరి. ప్రకటించినవారు మిషనుకు ధనసహాయము చేయు విదేశ పాఠకులను దృష్టిలో నుంచుకొనిరి. చెప్పినవాని యాస, సామెత, నిట్టూర్పు, హాస్యము తొలి జల్లెడలోనో మలి జల్లెడలోనో ఆగిపోయినవి. నెల్లూరు వెన్నెలకంటి సుబ్బారావు స్వీయచరిత్రము 1873లో వెలువడినదియు ఇంగ్లీషుననే. కాని ఆయన తానై ఇంగ్లీషు వ్రాసెను. పేరయ్యకు ఆ యెన్నిక లేదు.

ఇట నిర్బంధ విషయమును చెప్పక తప్పదు. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురమును 20వ శతాబ్ది రెండవ దశకమున ఎఱుకలవారికి నివాసముగ నేర్పరచి, నేరస్థ జాతుల చట్టము క్రింద దాని నిర్వహణమును రక్షణసైన్యమునకు ప్రభుత్వ మొప్పగించెను. పుట్టుకచేతనే నేరస్థులని ముద్రపడిన జనులు అచట దినదినము హాజరు పలుకవలసినవారు. హాజరు పుచ్చుకొనువాడే ఆరాధన జరుపు చోట చెప్పబడిన సాక్ష్యమును, పొన్నూరు పొలము నుండి తనంతట లేచి వచ్చి చెప్పిన సాక్ష్యముతో సమానముగ తూచరాదు. ఆ చట్టము రద్దయి, 1952లో ఆ జాతులు విముక్తమైన పిదప అచటివారు నిలుపుకొన్న విశ్వాసమునకు మాత్రము వేఱు విలువ కలదు. సాక్షికి స్వాతంత్ర్య మున్నదా లేదా యని మొదట విచారించుట న్యాయస్థానమునకే కాదు, చరిత్రకును విధి.

స్వచ్ఛంద సాక్ష్యమును ఆరాధనలో ముఖ్యాంగముగ చేసినది కూడ ఈ రక్షణసైన్యమే యనుట చరిత్రలోని చిత్రము. దాని పనిని ఈ దేశమున 1882లో బొంబాయిలో ఆరంభించిన బూత్ టక్కరు ఫకీర్ సింగను పేరు ధరించి, కాషాయవస్త్రములు కట్టి, వట్టికాళ్ళ నడచెను. ఆ వ్యవస్థలో సామాన్య సభ్యుడు సైనికుడు; సాక్ష్యము చెప్పుట అతని విధి; స్త్రీకిని పురుషునకును అందు భేదము లేదు. మగవారి సభలో నోరు మెదపరాదని పెరిగిన స్త్రీ, పదిమంది నడుమ నిలిచి తన బ్రదుకును తానే చెప్పుట ఈ పల్లెలలో సామాన్యమైన మార్పు కాదు. నిడుబ్రోలున ఈవాంజలీను బూత్ పేరనున్న రక్షణసైన్యపు ఆసుపత్రి పిలుపు అను భావనకు మఱియొక రూపము నిచ్చినది. గుంటూరున డాక్టరు అన్నా కుగ్లరు 1883లో వచ్చి 1898లో స్థాపించిన స్త్రీల ఆసుపత్రి అంతకు మునుపే ఈ దారి తెఱచెను. రోగి పుండు కడుగుట నీచవృత్తి యను లోకమున, అదే దేవుడు పిలిచిన పని యని చెప్పుకొను దాదుల తరము లేచినది. పిలుపనగా బోధకుడగుట మాత్రమే కాదు, చేతిలోని పనియే పిలుపు కావచ్చునను లూథరు భావము తెలుగు స్త్రీల జీవితములలో ఇట్లు ఫలించినది.

సాక్ష్యమును సామాన్యుని హక్కుగా, బాధ్యతగా స్థాపించుటలో దోర్నకల్లు బిషప్పు వేదనాయకం శామ్యూలు అజరయ్య స్థానము గొప్పది. ఆయన 1912 డిసెంబరున ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి యుంచుకొని, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త చెప్పకున్నచో నాకు శ్రమ, అను భావముగల మాటలను పలికించెడివాడు. ఏటేట సాక్ష్యవారమును నడిపి, అక్షరము రాని కూలివారిని సైతము పొరుగూళ్ళకు పంపెను. తరువాతి కాలమున ఇంజనీరు విద్య నభ్యసించి వచ్చిన భక్తసింగు కూటములలో, పట్టాభిషేకము పొందిన గురువు లేకయే విశ్వాసి ప్రతివాడును ఆరాధనలో నోరు తెఱచు పద్ధతి స్థిరపడెను. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషను విదేశ మిషను సంబంధము లేని తెలుగు సంఘము. స్వప్నమును దర్శనమును సాక్ష్యమునకు ఆధారములుగ అది అంగీకరించెను. గుంటూరు సీమలో ఈ రెండింటికిని అనుచరులు విస్తారముగ నున్నారు.

మేము పొన్నూరు పరిసరములలో వినిన సాక్ష్యముల రూపమును గూర్చి కొన్ని మాటలు. ఇవి సామాన్యముగ మూడు భాగములు: పూర్వస్థితి, పిలుపు, నేటి బ్రదుకు. పూర్వస్థితిలో అప్పు, త్రాగుడు, రోగము, పిల్లలు దక్కకపోవుట ప్రధానములు. పిలుపు తఱచుగ నిద్రలోనో, ఆసుపత్రి మంచముపైనో, కీర్తన వినుచున్నప్పుడో వచ్చును. కాలగణన పంచాంగముతో జరుగదు. ఊడ్పుల నాడు, మిరపకాయ కోతల నాడు, పత్తి తీతల నాడు, ఉప్పెన వచ్చిన యేడు అని చెప్పుదురు. ఈ ఉప్పెన 1977 నవంబరు 19 నాటిది. డెల్టా పొలములలో పని ముగియగానే పడమటి మెరకసీమకు మిరపకోతకు పోవు కూలివారి సంవత్సరచక్రమంతయు ఈ సాక్ష్యములలో నున్నది. వ్యవసాయచరిత్ర వ్రాయువారికి ఇంతకంటె నమ్మదగిన తెఱవు కష్టము. ఏలన చెప్పువారు కూలిరేట్లను చరిత్ర కొఱకు చెప్పుట లేదు, కృతజ్ఞత కొఱకు చెప్పుచున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘నేను’ అను మాట. ఆసామి యెదుట చేతులు కట్టుకొని అయ్యా, దొరా యనుటతో సరిపోవు సంభాషణమున కర్తకు చోటు లేదు. సాక్ష్యము మొదటి మాటయే నేను. ఈ నేను గర్వముతో నిండినది కాదు; నేను పాపినని మొదలగును. కాని పాపినని చెప్పుటకైనను మనుష్యుడై యుండవలెను. నా బ్రదుకు వినదగినది, నా తప్పు కూడ దేవుడు లెక్కించునంత విలువైనదని చెప్పుట అందులోని ధ్వని. 20వ శతాబ్ది తొలి దశకములలో కందుకూరి వీరేశలింగము స్వీయచరిత్రము రచించి తెలుగున ఆత్మకథకు గౌరవము తెచ్చెను. అదే కాలమున పల్లె ప్రార్థనశాలలలో అక్షరములు రానివారు మౌఖికముగ ఆత్మకథలు చెప్పుచుండిరి. ఒకటి గ్రంథాలయమున చేరినది, రెండవది గాలిలో కలిసినది. ఈ రెండింటిలో ఒకటి రెండవదానికి మూలమని మే మనుట లేదు. ఒకే యుగమున రెండు వేఱు వాకిండ్లలో వెలిగిన దీపము లనుచున్నాము.

సాక్ష్యమునకు దూషణము కూడ కలదు. పలుమారు చెప్పినందున కథనము అచ్చుపోసిన మూసలో పడును. పూర్వజీవితమును మఱింత నలుపు చేసి చెప్పుట, చెప్పిన కొలది అద్భుతములు పెరుగుట, ఒకరి మాటను మఱియొకరు అనుకరించుట ఎల్ల కాలముల దోషములు. సభవారు మెచ్చునది చెప్పుటకు మనస్సు పోవును. సంఘములలో కులభేదము, వరకట్నము, పదవుల తగవులు ఉన్నను సాక్ష్యములలో వాని ప్రసక్తి యరుదు. కావున సాక్ష్యము పూర్ణసత్యమని స్వీకరించుట పరిశోధన కాదు. కాని మూసకు లోబడిన కారణమున అసత్యమని త్రోసివేయుటయు పరిశోధన కాదు. శతకకవి మకుటమును విడువడు. అంతమాత్రమున అతని ఆర్తి కృతకమగునా? మూస ఎచట పగులునో అచట మనుష్యుని గొంతు వినబడును. సిద్ధముగనున్న వాక్యమును విడిచి సాక్షి ఒక్క నిమిషము తడబడు చోటును కనిపెట్టుటయే పరిశోధకుని పని.

ఈ సందర్భమున గుఱ్ఱం జాషువను తలపక తీరదు. 1895లో వినుకొండలో జన్మించిన ఈ మహాకవి క్రైస్తవ గృహమున పుట్టినవాడు, గురువు కానివాడు. హిందూ పురాణవస్తువులపై కవిత్వము చెప్పినందుకు స్వమతస్థులలో కొందఱికి, పుట్టుక కారణమున అగ్రవర్ణులలో అనేకులకు ఆయన వెలియయ్యెను. ‘నా కథ’లో ఆయన తన జీవితమును పద్యములలో చెప్పుకొనెను, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఆ ‘నా కథ’ ప్రార్థనశాలలో చెప్పు సాక్ష్యము వంటిది కాదు. అందు మతమును గూర్చిన మూసవాక్యములు లేవు. అవమానమును కన్నవాని సూటి సాక్ష్య మున్నది. 1941 నాటి ‘గబ్బిలము’లో అస్పృశ్యుడైన కథానాయకుడు తన వేదనను కాశీలోని శివునికి గబ్బిలముతో చెప్పి పంపును. పొన్నూరు కథలో దేవుడు సాక్షియై కాశినుండి వచ్చెను. జాషువ కావ్యమున సాక్ష్యమే కాశికి పోయెను. రెండు కథలకును నడుమ నున్నది గుడి తలుపు. ఒకనికి లోపలికి పోయి దేవుని పిలుచు నధికార మున్నది. రెండవవానికి గుడిలో వ్రేలాడు పక్షి చెవి మాత్రమే దిక్కు.

నేటి కాలమున సాక్ష్యమునకు వచ్చిన చిక్కు వేఱొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును మొదట హిందువులకు మాత్రము పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించెను. క్రైస్తవమును స్వీకరించిన షెడ్యూల్డు కులములవారిని మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగ లెక్కించుచున్నారు. ఈ విషయమును పరిశీలించుటకు 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఈ చట్టపు మంచిచెడ్డల చర్చ మా వ్యాసపరిధి కాదు. కాని దాని ఫలితము మా ఆధారములపై పడుచున్నది. ఆదివారము నోట చెప్పు మాట సోమవారము కాగితమున కనబడినచో బిడ్డ చదువు, ఉద్యోగము మాఱిపోవు స్థితిలో సామాన్యుడు ఏమి చెప్పును, ఏమి దాచును? పత్రమున ఒక మతము, ప్రార్థనలో ఒక మతము గల కుటుంబములను కపటులని నిందించుట తేలిక. వారి తాతలు డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తినిరి. మనుమలు పేరు చెప్పనందున నిందలు తినుచున్నారు. సాక్ష్యమునకు వెల యన్నది పోలేదు, రూపము మాత్రము మాఱినది. చెప్పకుండుట కూడ ఒక సాక్ష్యమని గ్రహింపని చరిత్ర అసమగ్రము.

ఇంతవఱకు చేసిన పరిశీలనమున మేము తేల్చిన దిది. సామాన్య క్రైస్తవుల విశ్వాసకథనములు మిషను చరిత్రకు అనుబంధములు కావు. అవి తెలుగు మౌఖిక వాఙ్మయమున ఒక ప్రత్యేక ప్రక్రియ. దానికి తనదైన నిర్మాణము, పరిభాష, కాలగణన కలవు. యోగుల తత్త్వములనుండియు, పాశ్చాత్య భక్తోద్యమములనుండియు, గ్రామజీవిత నిర్బంధములనుండియు అది పోషణము పొందెను. మన పరిశోధక విద్యార్థులు స్త్రీల పాటలను, వీరగాథలను, తత్త్వములను సేకరించినంత శ్రద్ధతో వీనిని సేకరింపవలసి యున్నది. సేకరించునప్పుడు చెప్పినవారి యాసను దిద్దరాదు. అనుమతి లేక పేరు వ్రాయరాదు. ఎవరి యెదుట, ఏ సభలో, ఏ కాలమున చెప్పిరో గుర్తింపవలెను. వీలైనచో ఒకే మనుష్యుని సాక్ష్యమును ఆరాధనలో నొకమాఱు, ఇంటి యరుగుపై నొకమాఱు వినవలెను. ఆ రెండింటి నడుమ నున్న భేదము ఒక్కొక్కప్పుడు గ్రంథమునకు సరిపోవును.

క్షామమును కన్న తరము గతించినది. దాదులుగ పనిచేసిన తొలితరపు స్త్రీలును గతించిరి. ఉప్పెననాడు పెద్దవారైనవారు నేడు వృద్ధులు. వారిలో అనేకులు వ్రాయనేర్వరు. వారి బిడ్డలకు వినుటకు తీరిక లేదు. పొన్నూరు మేనల్లుని కొఱకు దేవుడు కాశినుండి రావలసి వచ్చినది, ఏలన ఊరిలో విన్నవాడొక్కడును లేకపోయెను. ఈ వృద్ధుల విషయమున మన మట్టి స్థితి రానీయరాదు. వినుటకు నిడుబ్రోలు రైలు దిగి నడచిపోయినంత దూరము చాలును.